“ది షాప్ వాజ్ క్లోజ్డ్”: ఇందులో ‘క్లోజ్డ్’ క్రియా, విశేషణమా?

అక్షరమాల | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంగ్లీషు వ్యాకరణంలో పది వాక్యాలిచ్చి, గీత గీసిన మాట క్రియో విశేషణమో రాయమన్నారు. ఆరో వాక్యం “ది షాప్ వాజ్ క్లోజ్డ్”. అమ్మాయి విశేషణం అని రాసింది. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన ‘క్రియ, కర్మణి ప్రయోగం’ అని దిద్దారు. ఎనిమిదో వాక్యం “ది చిల్డ్రన్ వర్ ఎగ్జైటెడ్”. దానికీ విశేషణం అనే రాసింది, అక్కడ మాత్రం మార్కు ఇచ్చారు.

“అమ్మా, రెండింటి ముందూ ‘వాజ్’, ‘వర్’ ఉన్నాయి. రెండింటి చివరా అదే ‘ఎడ్’ ఉంది. ఒకటి క్రియ, ఇంకొకటి విశేషణం ఎలా అయ్యాయి?” అని అడిగింది. నాకు సమాధానం దొరకలేదు. “మీ టీచర్ చెప్పారుగా” అని తప్పించుకోవడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నాను. పిల్లకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

గురివింద | సోమవారం, రాత్రి 9:40

ఇది చాలా తేలికండీ. పోటీ పరీక్షల శిక్షణలో మాకు మొదటి రోజే చెప్పారు. ఆ మాట ముందు ‘వెరీ’ పెట్టి చూడండి. “వెరీ ఎగ్జైటెడ్” అనవచ్చు, కనుక విశేషణం. “వెరీ క్లోజ్డ్” అనకూడదు, కనుక క్రియ. మీ అమ్మాయి టీచర్ దిద్దింది సరైనదే.

పాతపలక | సోమవారం, రాత్రి 10:25

గురివిందా, ఆ సూత్రంలో సగమే నిజం. నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పాను. ఈ సగం సూత్రం వల్ల పిల్లలు మార్కులు పోగొట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను.

‘వెరీ’ ఒక మాటలో హెచ్చుతగ్గులున్నాయా అని మాత్రమే అడుగుతుంది. ఉత్సాహానికి హెచ్చుతగ్గులున్నాయి, అందుకే ‘వెరీ ఎగ్జైటెడ్’ నప్పుతుంది. ‘వుడెన్’ అనే మాట చూడండి, చెక్కతో చేసిన అని అర్థం. “వెరీ వుడెన్ టేబుల్” అంటామా? అనం. అంతమాత్రాన ‘వుడెన్’ క్రియ అయిపోదు కదా! ‘వెరీ’ చక్కగా నప్పితే అది విశేషణమే. నప్పకపోతే ఏమీ తేలలేదని అర్థం, అంతే. ఈ విషయంలో వాడే పరీక్షలన్నీ దాదాపు ఇలా ఒకవైపు మాత్రమే పనిచేస్తాయి.

అక్షరమాల గారూ, “ది షాప్ వాజ్ క్లోజ్డ్” అన్న వాక్యం ఒంటరిగా నిలబడితే దానికి రెండు అర్థాలూ ఉన్నాయమ్మా. రెండు వాక్యాలు రాస్తాను, అమ్మాయికి చూపించండి.

“వెన్ వి రీచ్డ్ ఇట్, ది షాప్ వాజ్ క్లోజ్డ్.”
“ది షాప్ వాజ్ క్లోజ్డ్ బై ది ఓనర్ ఎట్ నైన్.”

మొదటిదాంట్లో దుకాణం ఉన్న స్థితి చెబుతున్నాం, అది విశేషణం. రెండోదాంట్లో తొమ్మిది గంటలకు ఒక పని జరిగింది, యజమాని చేశాడు. అది క్రియ. పుస్తకంలో ముందూ వెనుకా ఏమీ ఇవ్వకుండా ఒక్క వాక్యమే ఇచ్చి ఉంటే, అమ్మాయి జవాబును తప్పు అనడానికి వీల్లేదు.

తేటనీరు | మంగళవారం, ఉదయం 7:05

పాతపలక మాస్టారు చెప్పిన స్థితి, పని అన్న తేడా తెలుగువాళ్లకు పుట్టుకతోనే తెలుసు. ఇంగ్లీషు ఒకే రూపంలో దాచేసిన దాన్ని తెలుగు రెండు రూపాల్లో బయటపెడుతుంది. నేను అనువాదాలు చేస్తుంటాను. ఈ సంగతి ఒక దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను.

పనిలో చేరిన కొత్తలో ఒక కథలో “ది లెటర్ వాజ్ సీల్డ్ వెన్ ఇట్ కేమ్” అని వచ్చింది. నేను “ఉత్తరం వచ్చినప్పుడు దానికి సీలు వేశారు” అని రాశాను. మా పెద్దాయన ఆ ‘వేశారు’ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, “ఎవరు వేశారు? వచ్చాక వేశారా, వేసే వచ్చిందా?” అని అడిగారు. ఆ వాక్యంలో ఎవరూ ఏమీ చేయడం లేదు. ఉత్తరం వచ్చేసరికే సీలు వేసి ఉంది. కథ మొత్తం ఆ ఉత్తరాన్ని దారిలో ఎవరైనా విప్పారా లేదా అన్న అనుమానం మీదే నడుస్తుంది. నా ఒక్క క్రియ ఆ ముడిని తెంపేసింది.

అప్పటినుంచి ఇలాంటి మాట ఎదురైతే పైకి చదివి చూసుకుంటాను. “మూశారు” అని వస్తే క్రియ. “మూసి ఉంది” అని వస్తే విశేషణం. రోజూ జరిగేదైనా ఇదే లెక్క. “ది గేట్ ఈజ్ క్లోజ్డ్ ఎట్ నైన్ ఎవ్రీ నైట్” అంటే రోజూ రాత్రి తొమ్మిదింటికి గేటు మూస్తారు. “ది గేట్ ఈజ్ క్లోజ్డ్ ఆన్ సండేస్” అంటే ఆదివారాలు గేటు మూసి ఉంటుంది.

మనసుకు సంబంధించిన మాటలైతే ‘గా ఉంది’ వస్తుంది. పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు. తెలుగులో విశేషణం వాక్యం చివరికి వచ్చేటప్పుడు వేసుకునే రూపమే అది: అందంగా ఉంది, ఎత్తుగా ఉంది. అందుకే ‘ఎగ్జైటెడ్’ విషయంలో మీ అమ్మాయికీ టీచర్‌కీ పేచీ రాలేదు.

గురివింద | మంగళవారం, ఉదయం 8:30

మాస్టారూ, తేటనీరు గారూ, ఒప్పుకుంటున్నాను. ‘వెరీ’ నప్పకపోతే క్రియ అని ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని రాశాను. కానీ పరీక్షలో ప్రశ్నకు నిమిషం కూడా ఉండదు. వాక్యంలోనే కనబడే గుర్తులు కావాలి. ఇంకో సందేహం, ‘ఇంగ్’తో ముగిసే మాటల సంగతేమిటి? అక్కడ ‘మూసి ఉంది’, ‘మూశారు’ పనికిరావు కదా?

పాతపలక | మంగళవారం, ఉదయం 11:10

మంచి ప్రశ్న. ‘ఇంగ్’ విషయంలో మొదట చూడవలసింది కర్మ.

“ది స్టోరీ ఈజ్ ఫ్రైటెనింగ్.” కథ భయం పుట్టించేదిగా ఉంది. విశేషణం.
“ది స్టోరీ ఈజ్ ఫ్రైటెనింగ్ ది చిల్డ్రన్.” కథ పిల్లలను భయపెడుతోంది. క్రియ.

వెనుక ‘పిల్లలను’ అనే కర్మ వచ్చి కూర్చోగానే ఆ మాట క్రియగా మారిపోయింది. ఇప్పుడు అక్కడ ‘వెరీ’ పెట్టి చూడు. “వెరీ ఫ్రైటెనింగ్ ది చిల్డ్రన్” అని ఎవరూ అనరు. ఇంగ్లీషులో విశేషణాలు సాధారణంగా ఇలా నేరుగా కర్మను తీసుకోవు. ‘వర్త్’ లాంటి ఒకటి రెండు మాటలే తీసుకుంటాయి.

రెండో గుర్తు ‘బీయింగ్’. నాకు ఇది చాలా ఇష్టమైన గుర్తు, ఎందుకంటే రెండు వైపులా ఎదురుబొదురుగా పనిచేస్తుంది. ‘ఎడ్’ మాట ముందు ‘ఈజ్ బీయింగ్’ వస్తే అది సాధారణంగా క్రియ: “ది షాప్ ఈజ్ బీయింగ్ క్లోజ్డ్”, దుకాణం మూస్తున్నారు. ‘ఇంగ్’ మాట ముందు ‘ఈజ్ బీయింగ్’ వస్తే అది విశేషణం: “హి ఈజ్ బీయింగ్ అనాయింగ్”, కావాలని చిరాకు తెప్పిస్తున్నాడు. “హి ఈజ్ బీయింగ్ రన్నింగ్” అని ఇంగ్లీషులో వాక్యమే పుట్టదు. ఎందుకు? ‘ఈజ్’ తర్వాత క్రియకు ఒక ‘ఇంగ్’ చాలు. ఆ ‘ఇంగ్’ను ‘బీయింగ్’ తీసేసుకుంది కనుక రెండోది క్రియ కాలేదు. ‘బిజీ’, ‘కైండ్’ కూర్చునే చోట ‘అనాయింగ్’ కూర్చుంది.

నడివాన | మంగళవారం, మధ్యాహ్నం 2:45

చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నాను. భాషాశాస్త్రం నేను చదువుకున్న విషయం కనుక ఆగలేకపోయాను.

నామవాచకానికి ముందు వస్తే విశేషణం అని చాలామంది నమ్ముతారు. అది నిలవదు. “ఏ స్లీపింగ్ చైల్డ్”, “ఏ బార్కింగ్ డాగ్” తీసుకోండి. నామవాచకానికి ముందే ఉన్నాయి, దాన్ని వర్ణిస్తున్నాయి కూడా. కానీ “ఏ వెరీ స్లీపింగ్ చైల్డ్” అనలేం. మాస్టారు అన్నట్టు ‘వెరీ’ ఒక్కటే చాలదు కనుక ఇంకో పరీక్ష పెడదాం. ‘సీమ్’ అనే క్రియ, అంటే ‘అనిపించు’, తన వెనుక విశేషణాన్ని ఇష్టంగా రానిస్తుంది: “షి సీమ్డ్ టైర్డ్”, “ది డోర్ సీమ్డ్ క్లోజ్డ్”, “ది ఆఫర్ సీమ్డ్ టెంప్టింగ్”. అదే చోట “ది చైల్డ్ సీమ్డ్ స్లీపింగ్” అంటే చెవికి గుచ్చుకుంటుంది. నిద్రపోతున్నట్టుంది అని చెప్పడానికి “సీమ్డ్ టు బి స్లీపింగ్” అనాలి, లేదా ‘అస్లీప్’ అనే అసలు విశేషణం తెచ్చుకోవాలి. అందుకే ‘స్లీపింగ్’ను నామవాచకం ముందు నిలబడిన క్రియారూపం అనడమే నాకు సబబుగా తోస్తుంది. దాన్ని విశేషణమనే వ్యాకరణాలూ ఉన్నాయి.

గమనించారా, ‘డోర్ సీమ్డ్ క్లోజ్డ్’ నప్పింది. అక్షరమాల గారి అమ్మాయి పక్షాన ఇదొక సాక్ష్యం.

మూడో పరీక్ష ‘అన్’ అనే ముందు ముక్క. “ది లెటర్ వాజ్ అనోపెన్డ్.” ఇంగ్లీషులో ‘అనోపెన్’ అనే క్రియ వాడుకలో లేదు. ఉత్తరాన్ని ఎవరూ ‘అనోపెన్’ చేయలేరు. కనుక ‘అనోపెన్డ్’ క్రియ అయ్యే అవకాశమే లేదు. అన్‌ఎక్స్‌పెక్టెడ్, అన్‌ఇన్‌హాబిటెడ్, అన్‌హర్ట్ కూడా అంతే. కానీ ‘అన్‌లాక్’, ‘అన్‌టై’ అనే క్రియలు నిజంగానే ఉన్నాయి. అందువల్ల “ది డోర్ వాజ్ అన్‌లాక్డ్” అన్న చిన్న వాక్యంలో మూడు అర్థాలు ఇరుక్కున్నాయి. తలుపు తాళం తీశారు. తలుపు తాళం తీసి ఉంది. తలుపుకు అసలు తాళమే వేయలేదు. మొదటిది క్రియ, మిగతా రెండూ విశేషణాలు. ఆ రెండూ కూడా ఒకటి కావు!

ఇంకొక్క మాట. ఇంత తికమక ఎందుకంటే ఈ రూపం పుట్టుకే అలాంటిది. ఈ ‘ఎడ్’, ‘ఇంగ్’ రూపాలకున్న ‘పార్టిసిపుల్’ అన్న పేరు లాటిన్‌లో పాలుపంచుకోవడం అనే మాట నుంచి వచ్చింది. గ్రీకులు దీన్ని ‘మెటోఖే’ అన్నారు, అర్థం అదే. క్రియ గుణాలూ, నామవాచకం గుణాలూ పంచుకుంటోందని దాన్ని నామవాచకంలోనూ క్రియలోనూ కలపక, విడిగా ఒక భాషాభాగంగానే లెక్కపెట్టారు. మన వ్యాకరణంలో ‘ధాతుజ విశేషణం’ అన్న పేరులోనూ రెండు ముఖాలూ ఉన్నాయి చూడండి: ధాతువు నుంచి పుట్టింది, విశేషణంగా నిలిచింది.

తేటనీరు | మంగళవారం, సాయంత్రం 5:20

నడివాన గారు ధాతుజ విశేషణం ప్రస్తావన తెచ్చారు కనుక నా తెలుగు పరీక్షకు ఒక హద్దు చెప్పాలి. అది వాక్యం చివర ఉన్న మాటకే పనికొస్తుంది. నామవాచకం ముందుకు రాగానే తెలుగులోనూ తేడా చెరిగిపోతుంది. ‘మూసిన తలుపు’ అంటే మూసి ఉన్న తలుపా, ఎవరో మూసిన తలుపా? రెండూ కావచ్చు. “నేను మూసిన తలుపు” అని కర్తను ముందు పెడితేనే క్రియ అని తేలుతుంది. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు, ‘నేను’ లాంటి కర్తను తెచ్చి పార్టిసిపుల్ ముందు పెట్టలేరు. తలుపు వెనుక ఇంకో వాక్యమే కట్టాలి.

అక్షరమాల | మంగళవారం, రాత్రి 8:50

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివాను. తాళం వాక్యం దగ్గర ఆగిపోయింది. లేచి వెళ్లి గది తలుపు తాళం వేసి, తీసి, మూడు అర్థాలూ ఒక్కొక్కటిగా నటించి చూపించింది. మూడో అర్థానికి ఏమీ చేయకుండా తలుపు పక్కన ఊరికే నిలబడింది. అప్పుడు నాకూ బాగా అర్థమైంది.

తనకు రెండు సందేహాలు. ‘టాలెంటెడ్’ ఏ క్రియ నుంచి వచ్చింది? ఎంత వెతికినా ‘టాలెంట్’ అనే క్రియ దొరకలేదట. రెండోది, వెనుక ‘బై’ ఉంటే క్రియ అని ఖాయంగా రాసేయవచ్చా?

పాతపలక | మంగళవారం, రాత్రి 9:30

అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పమ్మా. దొరకనిది దొరకలేదని గుర్తించడమే పెద్ద విషయం. ‘టాలెంటెడ్’ వెనుక క్రియ లేదు. టాలెంట్ అనే నామవాచకానికే ‘ఎడ్’ తగిలించారు, అది ఉన్నవాడు అని అర్థం. ‘బియర్డెడ్’ అంటే గడ్డం ఉన్నవాడు, ‘లాంగ్ హెయిర్డ్’ అంటే పొడవు జుట్టు ఉన్నవాళ్లు. ఇవి చూడటానికి పార్టిసిపుల్‌లా ఉంటాయి కానీ పుట్టుకతోనే విశేషణాలు.

ఒక్కోసారి ఉచ్చారణ కూడా రహస్యం చెప్పేస్తుంది. క్రియగా ‘లర్న్‌డ్’ అని ఒక్క అక్షరంగా పలుకుతాం. పండితుడు అన్న అర్థంలో విశేషణమైతే ‘లర్నిడ్’ అని రెండుగా విడుస్తాం. ‘బ్లెస్డ్’, ‘ఏజ్డ్’ కూడా కొన్ని అర్థాల్లో ఇలా సాగుతాయి. కొన్నిచోట్ల రూపమే వేరు. కరిగిన లోహం ‘మోల్టెన్’, అది విశేషణం మాత్రమే. కరిగింది అనడానికి క్రియ ‘మెల్టెడ్’. ‘మోల్టెన్’ను ఇప్పుడు క్రియగా ఎవరూ వాడరు.

‘బై’ సంగతి నడివాన గారు చెబితే బాగుంటుంది.

నడివాన | మంగళవారం, రాత్రి 10:15

‘బై’ ఉంటే క్రియ అయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఖాయం కాదు. “ఐ వాజ్ వెరీ సర్‌ప్రైజ్డ్ బై ది రిప్లై” అన్నది మంచి ఇంగ్లీషు వాక్యమే. ‘వెరీ’ ఉంది, కనుక విశేషణం. ‘బై’ ఉంది, కనుక క్రియలా ఉంది. మనసును తాకే మాటలన్నిటిలో ఈ సరిహద్దు ఇలాగే మసకగా ఉంటుంది. దీన్ని సగం కర్మణి అని పిలిచిన వ్యాకర్తలూ ఉన్నారు.

‘బై’ కంటే మిగతా విభక్తుల్లాంటి మాటలే గట్టి సాక్షులు. ఇంట్రెస్టెడ్ ‘ఇన్’, వరీడ్ ‘అబౌట్’, మ్యారీడ్ ‘టు’. ఇవి వచ్చాయంటే ఆ మాట విశేషణం వైపు బాగా జరిగిపోయిందనుకోవచ్చు.

‘మ్యారీడ్’ అన్నాను కనుక, కాలం చెప్పే మాటలను కూడా అమ్మాయికి చూపించండి. “దే వర్ మ్యారీడ్ ఇన్ జూన్” అంటే జూన్‌లో పెళ్లి జరిగింది, అది ఒక సంఘటన. “దే హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్” అంటే పదేళ్లుగా దంపతులు, అది స్థితి. పెళ్లి తంతు పదేళ్లు సాగదు కదా.

గురివింద | బుధవారం, ఉదయం 6:55

రాత్రంతా ఇదే ఆలోచించాను. ఒక విషయం మనస్ఫూర్తిగా చెబుతున్నాను, నాకు కొంచెం కోపంగా ఉంది. సూత్రం ఒక్క ముక్కలో చెప్పి, మినహాయింపులు దాచేసి, వేలమంది చేత బట్టీ పట్టిస్తున్నారు. నిన్న పాత ప్రశ్నలు మళ్లీ తీశాను. “ది విండో ఈజ్ బ్రోకెన్” దగ్గర ‘వెరీ’ నప్పదని క్రియ అని రాసి ఉన్నాను. ఇప్పుడు చదివితే కిటికీ పగిలి ఉంది అని తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. “సీమ్స్ బ్రోకెన్” కూడా నప్పుతోంది.

కానీ మాస్టారూ, రెండు అర్థాలూ ఉన్న వాక్యమిచ్చి ఒక్క జవాబే గుర్తించమంటే ఏం చేయాలి?

పాతపలక | బుధవారం, ఉదయం 9:00

వాక్యంలో పని ఎవరిదో, ఎలా చేశారో, ఏ క్షణాన జరిగిందో చెప్పే మాట ఉందేమో చూడు. ‘కేర్‌ఫుల్లీ’ అని ఉంటే ఎవరో జాగ్రత్తగా చేశారు, క్రియ రాయి. ‘స్టిల్’ అని ఉంటే ఇంకా అలాగే ఉంది, విశేషణం రాయి. ఏ ఆధారమూ లేకుండా “ఈజ్ క్లోజ్డ్”, “ఈజ్ బ్రోకెన్” అని వర్తమానంలో ఉంటే స్థితి అనుకోవడమే సహజం. “వాజ్” ఉండి ఇంకే ఆధారమూ లేకపోతే ఆ ప్రశ్న ఇచ్చినవారిదే తప్పు నాయనా. నేను కూడా అలాంటి ప్రశ్నపత్రాలు తయారుచేశాను. ఒక ఏడాది ఒక పిల్లవాడు లేచి అడిగితే క్లాసు మొత్తానికి ఆ మార్కు కలిపాను.

అక్షరమాల | గురువారం, సాయంత్రం 6:30

టీచర్ కొట్టేసిన జవాబు కింద అమ్మాయి మాస్టారు ఇచ్చిన రెండు వాక్యాలూ రాసి, పక్కన తెలుగులో ‘మూసి ఉంది’, ‘మూశారు’ అని రాసి టీచర్‌కు చూపించింది. ఆవిడ రెండుసార్లు చదివి, ఆ వాక్యాలను బోర్డు మీద రాయించారట. మార్కు సంగతి ఇంకా చూడలేదు. అమ్మాయి దాన్ని మరిచిపోయినట్టే ఉంది, ఎందుకంటే ఇంకో వాక్యం పట్టుకొచ్చింది: “ది లీవ్స్ ఆర్ ఫాలెన్”. తెలుగులో ‘రాలి ఉన్నాయి’ అని వస్తోంది, విశేషణమే అంటోంది. కానీ ‘రాల్చారు’ అని ఎందుకు రావడం లేదని అడుగుతోంది.

పాతపలక | గురువారం, రాత్రి 8:05

సరిగ్గా పట్టుకుంది! ‘ఫాల్’ అకర్మక క్రియ, దానికి కర్మ లేదు. కర్మ లేని క్రియకు కర్మణి వాక్యం పుట్టదు. కనుక ‘ఆర్’ తర్వాత ‘ఫాలెన్’ వస్తే అది కర్మణి అయ్యే దారే లేదు, రాలి ఉన్న స్థితే. ‘హి ఈజ్ గాన్’ కూడా ఇంతే. పాత ఇంగ్లీషులో రావడం, పోవడం లాంటి క్రియలకు ‘హాజ్’ బదులు ‘ఈజ్’ వాడేవారు, ‘హి ఈజ్ కమ్’ అనేవారు. వాటిలో ‘గాన్’ ఇప్పటికీ రోజువారీ మాటల్లో మిగిలింది. ‘హి హాజ్ గాన్’ అంటే వెళ్లాడు. ‘హి ఈజ్ గాన్’ అంటే ఇక్కడ లేడు. ఈ రెండూ అమ్మాయి చేత తెలుగులో చెప్పించు, ఏం చెప్పిందో రేపు రాయి.